సిలికాన్ అచ్చు లోపల జిగటగా మిగిలితే

క్లేతో (బొమ్మలు చేసే మెత్తటి ముద్ద) చేసిన బొమ్మ మీద ప్లాటినం సిలికాన్ (ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే రకం) పోసి తీసిన అచ్చు బయట గట్టిపడి, బొమ్మకు ఆనిన వైపంతా జిగటగా ఉంటే, కారణం దాదాపుగా ఆ క్లేలోని గంధకమే. కలపడంలో తేడా వస్తే జిగట మచ్చలుగా ఉంటుంది, ఇలా బొమ్మ ఆకారమంతా పట్టదు. ప్లాటినం సిలికాన్‌కు గంధకం తగిలితే ఆ చోట గట్టిపడదు. ఇంకో రెండు రోజులు ఆగినా లాభం లేదు.

1. ఆ అచ్చు వదిలేయండి. బొమ్మకు అంటిన జిగటను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన మెత్తటి బ్రష్‌తో తీయండి. కనురెప్పలు, వేళ్ల సందుల దగ్గర నిదానంగా.

2. అదే బొమ్మకు అచ్చు తీయాలంటే టిన్ సిలికాన్ (టిన్ ఉత్ప్రేరకంతో గట్టిపడే రకం) కొనండి, అది గంధకాన్ని తట్టుకుంటుంది. ప్లాటినమే కావాలంటే గంధకం లేని క్లేతో బొమ్మ చేయాలి. గంధకం ఉన్న క్లే పైనే లక్కర్ స్ప్రే కొడితే చాలంటారు గానీ నేను నమ్మను. ఒక్కచోట పూత పలచబడినా మళ్లీ ఇదే గొడవ.

3. చాలామంది వదిలేసేది పోసే ముందు చేయాల్సిన పరీక్ష. అదే క్లే ముద్ద మీద కొంచెం సిలికాన్ కలిపి వేయండి. డబ్బా మీద రాసిన టైమ్ అయ్యాక ఊడదీసి, క్లేకు ఆనిన వైపు వేలితో తాకండి. పైవైపు చూసి నమ్మితే మోసపోతారు. అడుగు పొడిగా ఉంటేనే బొమ్మ మీద పోయండి.

లేటెక్స్ గ్లవ్స్ వద్దు, వాటిలోనూ గంధకం ఉంటుంది. వినైల్‌వి వేసుకోండి.