తాడుకు ఇవతలి కొస

అమ్మాయీ,

గ్లైడర్ క్లబ్బులో టగ్ పైలట్‌గా, అంటే ఇంజన్ లేని గ్లైడర్‌ను తాడుతో పైకి లాక్కెళ్లే విమానం నడపడానికి, చేరాలనుకుంటున్నావని విని సంతోషించాను. ఖర్చు లేకుండా విమానం నడిపిన గంటలు కలిసొస్తాయన్నావు. చాలా క్లబ్బుల్లో అది నిజమే. కానీ ఆ లెక్కతోనే వెళ్తే త్వరగా విసుగొస్తుంది. వెనకాల తాడుకు ఉన్న మనిషి ఏం చేస్తున్నాడో ప్రతిసారీ పట్టించుకునే ఓపిక ఉంటేనే దిగు.

ముందు నువ్వే గ్లైడర్‌లో కూర్చుని కొన్నిసార్లు పైకి వెళ్లు. టగ్ కాస్త దురుసుగా వంపు తిరిగితే వెనకవాడి అవస్థ ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

అర్హతలంటావా, అమెరికాలో కనీసం ప్రైవేట్ పైలట్ లైసెన్సు, ఆ తరగతి విమానంలో పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత నీదిగా) 100 గంటలు, టో (గ్లైడర్‌ను లాగే) శిక్షణ అయిందని లాగ్‌బుక్‌లో శిక్షకుడి సంతకం ఉండాలి. మిగతా దేశాల్లో లెక్క వేరు. క్లబ్బు ఇంతకన్నా ఎక్కువ అడిగినా మారు మాట్లాడకు. పైపర్ పానీ, సూపర్ కబ్ లాంటి టగ్‌లకు మూడో చక్రం ముక్కు కింద కాకుండా తోక కింద ఉంటుంది. పక్కగాలిలో వాటిని రన్‌వే మీద తిన్నగా ఉంచడం ముందే నేర్చుకుని వెళ్లు.

ఇక అసలు సంగతి. గ్లైడర్ నీకంటే మరీ పైకి లేచిందంటే తాడు నీ తోకను పైకి లాగేస్తుంది, ముక్కు నేలవైపు తిరుగుతుంది. స్టిక్ ఎంత వెనక్కి లాగినా లాభం లేదు. అంతా రెండు మూడు సెకన్లలో జరిగిపోతుంది, నేలకు దగ్గరగా ఉంటే తేరుకునే వ్యవధి ఉండదు. ఇలా ప్రాణాలు పోగొట్టుకున్న టగ్ పైలట్లు ఉన్నారు. అందుకే రిలీజ్ పిడి (తాడు వదిలేసే పిడి) ఎక్కడుందో కళ్లు మూసుకున్నా చేతికి తెలియాలి. తాడు పైకి గట్టిగా లాగుతున్నప్పుడు కొన్ని రకాల కొక్కేలు బిగుసుకుని ఒక పట్టాన వదలవు. నేల మీదే ఎవరితోనైనా తాడు లాగించి, పిడి ఎంత బలంగా గుంజాలో చూసుకో. పైన అనుమానం వచ్చిందా, వదిలెయ్. వెనకవాడు నొచ్చుకుంటే దిగాక సర్దిచెప్పుకోవచ్చు.

నువ్వు వెనకవాడికి ఇచ్చే సైగలు రెండూ కలగాపులగం కాకూడదు. రెక్కలు ఊపితే వెంటనే తాడు వదలమని. తోక మీది చుక్కాని అటూ ఇటూ ఆడిస్తే ఎయిర్‌బ్రేకులు (గ్లైడర్ రెక్కల మీద తెరుచుకుని దాన్ని కిందకి దించే పలకలు) తెరుచుకున్నాయేమో చూసుకోమని. రెండోదాన్ని మొదటిదనుకుని తక్కువ ఎత్తులో తాడు వదిలేసుకున్న గ్లైడర్ పైలట్లు ఉన్నారు. అందుకే గ్లైడర్ పైలట్లతో ముందే మాట్లాడి పెట్టుకో.

గ్లైడర్ వదిలిందని అద్దంలో కళ్లారా చూశాకే తిరుగు. దిగేటప్పుడు పవర్ ఒక్కసారిగా తీసెయ్యకు, వేడెక్కిన ఇంజన్ ఒక్కసారిగా చల్లబడి సిలిండర్లు పగుళ్లివ్వొచ్చంటారు. వెనక అరవై మీటర్ల తాడు వేలాడుతోందని మరిచిపోయి కంచె మీదుగా మరీ తక్కువ ఎత్తులో రావద్దు. ఎండలో వరసగా లాగుతుంటే అలసట తెలియకుండానే ఎక్కుతుంది, ఇంధనమూ అలాగే తగ్గుతుంది. క్యూ ఎంత పొడవున్నా ఆపి దిగడానికి మొహమాటపడకు.

ఒక్క విషయం, పానీలో సీటు ఒకటే. శిక్షకుడు నీతో రాలేడు. కుదిరితే రెండు సీట్ల టగ్ ఉన్న క్లబ్బు వెతుక్కుని మొదటి పాఠాలు అక్కడ పూర్తిచెయ్.

మీ బాబాయి