ప్యాకేజీ 46,000 అన్నారు, మరి మొత్తం ఖర్చు?

ప్రశ్న: నా వయసు 47. విడాకులై ఆరేళ్లయింది, పిల్లలు లేరు. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. చేతికొచ్చే జీతం 68,000. అద్దె 16,000, ఇంటి ఖర్చు 20,000, ఊళ్లో ఉన్న అమ్మకు 8,000, ఆరోగ్య బీమా 1,500, ఇతరత్రా 4,000, సిప్ 10,000. బ్యాంకులో 3.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. మార్చిలో 45,000 దాకా బోనస్ వస్తుంది. నలభై దాటిన ఒంటరివాళ్ల కోసం ఒక ట్రావెల్స్ వాళ్లు వచ్చే జూన్‌లో ఎనిమిది రోజుల లద్దాఖ్ యాత్ర వేస్తున్నారు. ప్యాకేజీ 46,000, విడిగా గది కావాలంటే ఇంకో 14,000. ఆదివారం వస్తే మాట్లాడే మనిషి ఉండరు. నలుగురు స్నేహితులు దొరుకుతారని ఆశ. ఎఫ్‌డీ తీయనా, నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోనా? ఆ డబ్బుతో బంగారం కొనుక్కోమంటున్నాడు అన్నయ్య.

జవాబు: వెళ్లండమ్మా. ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోవద్దు, ఈఎంఐ జోలికి పోవద్దు. జూన్‌కి ఇంకా తొమ్మిది నెలలుంది, మీ జీతంలోంచే ఈ డబ్బు తీయొచ్చు.

ముందు అసలు ఖర్చు చూద్దాం. 46,000 మీద 5 శాతం జీఎస్టీ కలిపితే 48,300. ఇలాంటి ప్యాకేజీలు చాలావరకు లేహ్ నుంచి లేహ్ వరకే ఉంటాయి, అక్కడికి చేరడం మన బాధ్యత. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా రానుపోను విమానానికి 24,000 పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీలో ఒక రాత్రి బసకు 3,500. చలి బట్టలు, పట్టున్న బూట్లు 8,000. ప్యాకేజీలో లేని మధ్యాహ్న భోజనాలు 4,000. ప్రయాణ బీమా, వెళ్లేముందు వైద్య పరీక్షలు 3,500. టిప్పులు, ప్రవేశ రుసుములు, చిన్నచిన్న కొనుగోళ్లు 3,700. ఇక్కడికి 95,000 అయింది. అనుకోని ఖర్చులకు 10,000 కలపండి. మొత్తం 1,05,000. ప్యాకేజీ ధర చూసి బయల్దేరినవాళ్లు దారిలో క్రెడిట్ కార్డు తీసేది ఈ తేడా దగ్గరే. ఆ బాకీ మొత్తం కట్టకుండా కనీస మొత్తం కట్టి ఊరుకుంటే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది.

మీ లెక్క ప్రకారం నెలకు 8,500 మిగులుతోంది. అందులో 7,000 యాత్రకు పక్కన పెట్టండి. సెప్టెంబరు నుంచి మే దాకా తొమ్మిది నెలలకు 63,000. మార్చి బోనస్‌లోంచి 42,000 కలిస్తే 1,05,000 సరిపోతుంది. ఈ డబ్బుకు ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కుదరకపోవచ్చు. కొన్ని బ్యాంకుల్లో కనీస గడువు పన్నెండు నెలలు, అంటే మీరు తిరిగొచ్చాక గానీ చేతికి రాదు. లిక్విడ్ ఫండ్‌లో, అంటే కొద్దికాలపు రుణపత్రాల్లో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో, నెలనెలా వేయండి. అమ్మితే మామూలుగా మరుసటి పనిదినానికల్లా ఖాతాలో పడుతుంది, వేసిన వారం దాటాక తీస్తే ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు కోసే రుసుము) కూడా ఉండదు. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్ మాత్రం వద్దు, తొమ్మిది నెలల్లో మార్కెట్ ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ లేదు. మిగతా 1,500 సంగతి తర్వాత చెబుతాను, దాని పని దానికుంది.

ఎఫ్‌డీ ఎందుకు వద్దన్నానంటే, సిప్ ఆపినా తప్పని ఖర్చులు నెలకు 49,500. మీ 3.5 లక్షలు ఏడు నెలలకు వస్తాయి. ఇంట్లో రెండో జీతం లేని మనిషికి ఏడు నెలల నిల్వ ఎక్కువేం కాదు, వీలైతే తొమ్మిది నెలలకు పెంచుకోవాల్సిందే. నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ రుసుము ఉంటుంది, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. బ్యాచ్ నిండక యాత్ర రద్దయితే, డబ్బు వెనక్కి వచ్చేదాకా ఈఎంఐ మీరే కడుతుండాలి.

అన్నయ్య మాటలో కొంత నిజముంది. ఈ 1,05,000 మీకు అరవై వచ్చేదాకా పెట్టుబడిలో ఉండి ఏటా 10 శాతం పెరిగిందనుకుంటే (హామీ ఏమీ లేదు, లెక్క కోసమే) దాదాపు 3.6 లక్షలవుతుంది. ఒక యాత్రకు ఆ మూల్యం మీరు భరించగలరు, సిప్ ఎలాగూ ఆగడం లేదు. కానీ ఏటా ఇంత పెడితే పదమూడేళ్లకు వదులుకునేది పాతిక లక్షలు దాటుతుంది. అది మీ వృద్ధాప్యపు అన్నం. అందుకే పెద్ద యాత్ర మూడేళ్లకోసారి చాలు.

మీరు కోరుకున్నది స్నేహితులనే గనక ఆ లెక్కా ఇటే చూపిస్తోంది. ఎనిమిది రోజుల్లో పరిచయం కుదురుతుంది, స్నేహం కావాలంటే మళ్లీ మళ్లీ కలవాలి. నెలనెలా మిగిలే ఆ 1,500 ఇందుకే. వికారాబాద్ అనంతగిరి కొండలు, భువనగిరి కోట పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలోనే ఉన్నాయి. రెండు నెలలు కూడబెడితే నాగార్జునసాగర్ కూడా. మీ బ్యాచ్‌లో హైదరాబాద్ వాళ్లెవరో అడిగి, వాళ్లకు అభ్యంతరం లేకపోతే జూన్‌కి ముందే ఒకటి రెండుసార్లు కలిసి నడవండి. భువనగిరి కొండ ఎక్కినప్పుడు మీ మోకాళ్ల సంగతీ తెలుస్తుంది, తోటివాళ్ల తీరూ తెలుస్తుంది. లద్దాఖ్ కుదరకపోయినా ఈ ఖర్చు వృథా కాదు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్ల ట్రెక్కులు కూడా చూడండి. వసతి సాదాగా ఉంటుంది, ఖర్చు తక్కువ, ఒంటరిగా వచ్చేవాళ్లు అక్కడ మామూలే.

ఇక గది. 14,000 పెట్టకండి, ఇంకో మహిళతో కలిసి ఉండండి. ఆ డబ్బు తొమ్మిది నెలల చిన్న ప్రయాణాలకు సమానం. ఇంకో ముఖ్యమైన కారణం ఉంది. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు, హైదరాబాద్ 540 మీటర్లు. విమానంలో నేరుగా దిగినవాళ్లకు మొదటి రెండు రాత్రులు తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు. మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా ఆ సంగతి మనకంటే ముందు గమనించేది పక్క మంచం మీదున్న మనిషే. ఏకాంతం కావాలంటే చివరి రెండు రాత్రులకు విడి గది అడగండి, ఆ మేరకే రుసుము తీసుకుంటారేమో కనుక్కోండి. ఒక్క విషయం మాత్రం ముందే రాయించుకోండి: కలిసి ఉండే మనిషిని వాళ్లు చూపలేకపోతే విడి గది రుసుము మీ మీద వేయకూడదు. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

అడ్వాన్స్ కట్టేముందు మెయిల్‌లో జవాబులు తెప్పించుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. కనీసం ఎంతమంది చేరితే బ్యాచ్ బయల్దేరుతుంది, చేరకపోతే ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగిస్తారు, మీరే మానుకుంటే ఏ తేదీ దాకా ఎంత కోత, మొత్తం ఎంతమంది, వాళ్లలో ఒంటరిగా నమోదైనవాళ్లు ఎందరు. ఒకే టెంపో ట్రావెలర్‌లో సరిపోయే పన్నెండు మంది గుంపు మంచిది. ముప్ఫై మంది బస్సులో ఎవరి జట్టు వాళ్లకే ఉంటుంది. రోజుకో ఊరు మారే యాత్రలో సాయంత్రాలన్నీ పెట్టెలు సర్దుకోవడానికే సరిపోతాయి, ఒకేచోట రెండు రాత్రులుండే యాత్ర స్నేహానికి మేలు. రెండో రోజే ఖర్దూంగ్‌లా కనుమకు తీసుకెళ్తామంటే ఒప్పుకోవద్దు. దాని ఎత్తు 5,300 మీటర్ల పైనే. లేహ్‌లో కనీసం రెండు రాత్రులు విశ్రాంతి కావాలి. బీపీ, షుగర్, రక్తహీనత ఉన్నాయేమో ముందే చూపించుకోండి. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే అనారోగ్యానికి వాడే డయామాక్స్ మాత్ర డాక్టరు రాస్తేనే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి.

వాళ్ల జీఎస్టీ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి, పేరు కలవాలి. డబ్బు సంస్థ ఖాతాకే వేయండి, ఎవరో వ్యక్తి ఫోన్ నంబరుకు యూపీఐ చేయొద్దు. బ్యాచ్ ఖాయమని రాతపూర్వకంగా వచ్చాకే మార్చి బోనస్‌తో విమానం టికెట్ కొనండి. హైదరాబాద్ నుంచి లేహ్ దాకా ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోండి. రెండు వేర్వేరు టికెట్లయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా ఎవరూ బాధ్యత తీసుకోరు. వాతావరణం వల్ల లేహ్ విమానాలు రద్దవుతుంటాయి. ఢిల్లీలో ఒక రాత్రి పెట్టుకోమన్నదీ, మర్నాడు ఆఫీసు లేకుండా చూసుకోమనేదీ ఇందుకే.

ఆరోగ్య బీమాలో సాహస క్రీడల మినహాయింపు చూసి భయపడేవాళ్లున్నారు. ప్రామాణిక నిబంధన ప్రకారం అది వృత్తిగా ఆడేవాళ్లకే, సరదాగా నడిచే మీకు కాదు. ప్రయాణ బీమా నిబంధనలు వేరుగా ఉంటాయి. ఎంత ఎత్తు దాకా, ఏయే పనులకు వర్తిస్తుంది, అత్యవసర తరలింపు ఉందా అన్నది చదివి తీసుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. సిగ్నల్ లేనిచోట యూపీఐ ఉండదు కాబట్టి ఓ పదివేలు నగదు దగ్గర ఉంచుకోండి.

కొత్త స్నేహాల్లో డబ్బు గురించి రెండు మాటలు. అందరూ తలా రెండు వేలు ఉమ్మడిగా వేసి టీలు, పండ్లు దాంట్లోంచే కొనండి, ఒకరు లెక్క రాసి రోజూ గ్రూపులో పెట్టాలి. ఎవరు ఎంత పెట్టారన్న చిన్న మనస్పర్థ రాకుండా ఉంటుంది. జీతం, ఎఫ్‌డీ వివరాలు ఎవరికీ చెప్పనక్కర్లేదు. చేబదులు అడిగితే, తిరిగి రాకపోయినా మీ నెల గడిచేంత మొత్తమే ఇవ్వండి. అప్పుకు హామీ సంతకం ఎంత ఇష్టమైన మనిషికైనా పెట్టొద్దు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానం, బ్యాంకు నేరుగా మీ దగ్గరికే రావచ్చు. తనకు లాభాలొచ్చాయంటూ ఏదైనా యాప్‌లో పెట్టమని ఎవరైనా చెబితే, దానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. మోసపోయామని అనుమానం వస్తే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఒంటరివాళ్ల గుంపులను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, మనుషులను దూరం పెట్టమని కాదు.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ వదలలేను. విడాకులైనంత మాత్రాన బీమా పాలసీల్లో, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరు దానంతటది మారదు. పెళ్లయిన కొత్తలో తీసుకున్న పాలసీలుంటే అందులో ఇంకా మాజీ భర్త పేరే ఉండొచ్చు. ఎఫ్‌డీ, బీమా, ఫండ్లు అన్నీ తీసి చూడండి, పీఎఫ్ నామినేషన్ యూఏఎన్ పోర్టల్‌లో మార్చుకోవచ్చు. అమ్మ పేరు పెట్టే పని లిక్విడ్ ఫండ్‌లో మొదటి 7,000 వేసే రోజునే పూర్తిచేయండి.