లారీ డ్రైవరు కాలానికి తగిన కూలి దక్కుతుందా?

బరంపురం నుంచి చెన్నైకి లారీ తోలే మనవాళ్ళకు వెచ్చించిన కాలానికి తగిన ప్రతిఫలం దక్కుతుందా అంటే, స్టీరింగు పట్టిన గంటలనే లెక్కిస్తే దక్కుతున్నట్టే కనిపిస్తుంది గాని, ఇల్లు విడిచిన గంటలన్నీ లెక్కిస్తే దక్కదనే చెప్పాలి. రానుపోను ఆరు రోజుల ట్రిప్పుకు బత్తాతో కలిపి 6,000 రూపాయలు ముడతాయనుకుందాం. నడిపిన 50 గంటలకు గంటకు 120 రూపాయలు, మొత్తం 144 గంటలకైతే గంటకు 42 రూపాయల లోపే. మిగిలినదంతా విశ్రాంతి కాదు: గోదాము గేటు బయట వరుసలో పడిగాపులు కాయడం, టార్పాలిను తాళ్ళు బిగించడం, రాత్రి డీజిలు ట్యాంకుకు కాపలాగా క్యాబిన్‌లోనే కునుకు తీయడం (దాన్ని నిద్ర అనలేం) కూడా పనే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం దూరప్రయాణాలకు సైతం రోజుకు 10, వారానికి 54 గంటల పరిమితి విధించి, అదనపు పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలన్నది. ట్రిప్పు లెక్కన చెల్లించే యజమాని దగ్గర ఆ గంటలు నమోదు కావడమే అరుదు.