రోడ్డుకు డబ్బు ఎవరివ్వాలి? ముందు మీ 22 లక్షల సంగతి చూద్దాం

ప్రశ్న: మాది పటాన్‌చెరు. నా వయసు 42. గచ్చిబౌలిలో ఉద్యోగం, ఏడాది జీతం 18 లక్షలు, కొత్త పన్ను విధానంలో ఉన్నాను. రోజూ ఔటర్ రింగు రోడ్డు మీదుగా కారులో వెళ్లి వస్తాను. టోల్‌కే నెలకు 2,600 దాకా అవుతోంది. సంక్రాంతికి ఇంట్లో దీని మీదే పెద్ద రభస. "పన్నులు కట్టించుకున్నాక మళ్లీ టోలేంటి, రోడ్డు వెయ్యడం ప్రభుత్వం బాధ్యత కాదా" అని నాన్న. "మీ మెట్రో అప్పు తెచ్చి మా నెత్తిన రుద్దుతున్నారు, సొమ్మొకడిది సోకొకడిది" అని ఆసిఫాబాద్ నుంచి వచ్చిన బావ. ఇంతకీ ఎవరు కట్టాలంటారు? దీనితోపాటు ఇంకో సంగతి. 2012లో ముత్తంగి దగ్గర 6 లక్షలకు కొన్న ఇంటి స్థలాన్ని 2025 డిసెంబరు చివర్లో 28 లక్షలకు అమ్మాను. మొత్తం బ్యాంకులోనే పడింది. పన్ను పడకుండా 54ఈసీ బాండ్లు కొనమని ఆడిటర్ అంటున్నారు. ఔటర్ అవతల రాబోయే రీజినల్ రింగు రోడ్డు దగ్గర మళ్లీ ప్లాటు కొనమని స్నేహితుడు వెంటపడుతున్నాడు. ఇంటి అప్పు ఇంకా 24 లక్షలుంది, వడ్డీ 8.25 శాతం. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రెండు ప్రశ్నలడిగాననుకుంటున్నారు గానీ, నా లెక్కలో రెండూ ఒకటే. ఎలాగో చెబుతాను.

నాన్నగారి మాటతో మొదలుపెడదాం. ఆయన కోపం ఊరికే వచ్చింది కాదు. కారు కొన్నప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టారు. పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ కేంద్రానికి రోడ్ల సెస్సు, రాష్ట్రానికి 35.2 శాతం వ్యాట్ కడుతున్నారు. ఆ పైన టోలు. పైగా ఔటర్ టోలు ఇప్పుడు ప్రభుత్వ ఖజానాకు పోవడం లేదు. 158 కిలోమీటర్ల రోడ్డు మీద 30 ఏళ్లు టోలు వసూలు చేసుకునే హక్కును 2023లో ఐఆర్‌బీ అనే ప్రైవేటు సంస్థకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు. ముప్పై ఏళ్ల రాబడిని ఒక్కసారే చేతికి తెచ్చుకున్నారన్నమాట. మీకు 69 ఏళ్లు వచ్చేదాకా మీరు కట్టేది ఆ లీజు డబ్బే. ఒక రైతు తోటను ముప్పై ఏళ్లకు కౌలుకిచ్చి, ఆ డబ్బు మొత్తం ముందే తీసుకున్నాడనుకోండి. దాంతో బావి తవ్వించాడా, పెళ్లి చేశాడా అన్నదాన్ని బట్టే మంచిచెడ్డలు. లీజు గురించి అడగాల్సిన ప్రశ్న కూడా అదే. టోలు ఉండాలా వద్దా అన్నది దాని తర్వాత.

టోలు అనే పద్ధతిని మాత్రం నేను తప్పుపట్టను. ఔటర్ ఎక్కని సంగారెడ్డి కూలీ కట్టడం కంటే రోజూ ఎక్కే మీరు కట్టడమే న్యాయం. టోలు వద్దనుకున్నవాళ్లకు పక్కనే సర్వీసు రోడ్డుంది, కాకపోతే గంట ఎక్కువ పడుతుంది. మీరు నెలకు 2,600 ఇచ్చి కొనుక్కుంటున్నది ఆ గంటనే. (జాతీయ రహదారులకు 2025లో 3,000 రూపాయలకు వచ్చిన వార్షిక ఫాస్టాగ్ పాస్ ఔటర్ మీద చెల్లదు. తెలియక కొన్నవాళ్లను చూశాను.)

మీ బావగారి మాట ఇంకొంచెం బరువైనది. హైదరాబాద్ మెట్రో మొదటి దశ ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టింది. ఎక్కేవాళ్ల టికెట్టు డబ్బుతో, స్టేషన్ల దగ్గర కట్టే మాల్స్ అద్దెలతో నడిచిపోతుందన్నది అప్పటి లెక్క. నష్టాలు పేరుకుపోయాయి. 2025 మే నెలలో చార్జీలు పెంచారు. అదే ఏడాది సెప్టెంబరులో మెట్రో కట్టిన ఎల్ అండ్ టీ చేతి నుంచి రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందమైంది. సుమారు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వానికి బదిలీ, సంస్థకు మరో 2,000 కోట్లు చెల్లింపు. అంటే అమీర్‌పేటలో రైలెక్కేవాడి బిల్లులో కొంత ఆసిఫాబాద్‌కు చేరింది. బావగారు అన్నదాంట్లో తప్పేముంది? ఒక్కటే సర్దుబాటు చెప్పండి: రాష్ట్ర ఖజానాలో పెద్ద వాటా హైదరాబాద్, దాని చుట్టుపక్కల నుంచే వస్తుంది. వాళ్ల ఊరి రోడ్డులో నగరం డబ్బూ ఉంది. అయినా వాళ్ల ఊరికి బస్సే సరిగా రాదని ఆయన అంటే, ఆ ముక్కకు నా దగ్గర జవాబు లేదు.

ఈ తగవు ఇవాళ్టిది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాలువ నీళ్లు పారిన పొలం నీటి తీరువా కట్టింది, పంట పండింది కాబట్టి కట్టగలిగింది. దాదాపు అదే రోజుల్లో రైల్వే కంపెనీలకు మాత్రం పెట్టుబడి మీద ఏటా 5 శాతం గ్యారంటీ ఇచ్చారు బ్రిటిష్ పాలకులు. రైలు లాభం తేకపోతే ఆ లోటు మన రైతు కట్టిన శిస్తులోంచి లండన్ వాటాదారులకు పోయేది. కాటన్ దొర జీవితమంతా రైళ్ల కంటే కాలువలకు ఖర్చుపెట్టండని పోరాడాడు. లాభం ఒకరికి, నష్టం ఊరందరికీ అన్న ఒప్పందం ఎక్కడ కనిపించినా నాకు ఆ 5 శాతమే గుర్తొస్తుంది.

ఇక ఈ తగవులో మీ ఇంట్లో ఎవరూ తలవని మనిషి ఒకడున్నాడు. రోడ్డు పక్కన స్థలం ఉన్నవాడు. టోలు కట్టడు, టికెట్టు కొనడు, రోడ్డు పడగానే గజం ధర మాత్రం అతనికి పెరుగుతుంది. ముత్తంగిలో ఆ మనిషి మీరే. 6 లక్షలు పదమూడేళ్లలో 28 లక్షలైంది, ఏడాదికి దాదాపు 12.6 శాతం. ఆ స్థలంలో మీరు ఒక్క ఇటుకైనా పెట్టలేదు. పక్కన జాతీయ రహదారి ఉంది, ఔటర్ దిగే చోటుంది, ధరను మోసుకొచ్చింది అవే. అందుకే రోడ్డుకు ఎవరు కట్టాలంటే ముందు లాభం పొందిన స్థలం కట్టాలంటాను. మన దగ్గర అలా కట్టించే దారులు చాలా తక్కువ. ఉన్నవాటిలో సూటిగా ఉన్నది మీరు ఇప్పుడు తప్పించుకోవాలనుకుంటున్న క్యాపిటల్ గెయిన్స్ పన్నే, అంటే అమ్మిన లాభం మీద పడే పన్నే.

ఇది మీకు నీతి చెప్పడం కాదు. మీ ఆడిటర్‌గారి సలహాను లెక్కల్లోనే చూద్దాం.

2024 జులై 23కు ముందు కొన్న స్థలం కాబట్టి మీకు రెండు దారులున్నాయి. ఇండెక్సేషన్ (కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం పెంచి లెక్కకట్టడం) లేకుండా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం. 2012-13 సూచీ 200, 2025-26 సూచీ 376. దాని ప్రకారం మీ 6 లక్షలు 11.28 లక్షలవుతుంది, లాభం 16.72 లక్షలు, పన్ను 3.34 లక్షలు. ఇండెక్సేషన్ లేకుండా అయితే లాభం 22 లక్షలు, పన్ను 2.75 లక్షలు. మీకు ఈ 12.5 శాతం దారే మేలు. 4 శాతం సెస్సు కలిపి 2.86 లక్షలు.

ఈ పన్ను పడకూడదంటే అమ్మిన ఆరు నెలల్లోపు 22 లక్షలు విద్యుత్, రైల్వే పనులకు అప్పులిచ్చే ఆర్ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్ఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థల 54ఈసీ బాండ్లలో పెట్టాలి. ఆ డబ్బు కరెంటు లైన్లు, రైలు పెట్టెలు అవుతుంది. ఇదీ ప్రభుత్వ పనులకు మీరిచ్చే డబ్బే, కాకపోతే పన్నుగా కాకుండా చవక అప్పుగా ఇస్తారు. వడ్డీ 5.25 శాతం, దాని మీద మళ్లీ పన్ను. అయిదేళ్లు కదలదు. కూతురి ఫీజు కట్టాలన్నా అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు.

మీ శ్లాబు 20 శాతం. సెస్సుతో కలిపి పన్ను పోగా ఆ బాండ్ల మీద మీకు మిగిలేది 4.16 శాతం. వచ్చిన వడ్డీని కూడా అదే రేటుకు తిప్పారనుకుంటే 22 లక్షలు అయిదేళ్లకు సుమారు 26.97 లక్షలు. పన్ను కట్టేసి మిగిలిన 19.14 లక్షలను 6.5 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్లో వేస్తే 24.60 లక్షలే. ఇక్కడిదాకా ఆడిటర్‌గారు రైటు.

కానీ మీకు ఇంటి అప్పుంది. పన్ను కట్టి, అదే 19.14 లక్షలను అప్పుకు జమచేస్తే 8.25 శాతం వడ్డీ తప్పుతుంది. సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి కొత్త విధానంలో మినహాయింపు లేదు కాబట్టి తప్పిన వడ్డీ మొత్తం మీదే. అయిదేళ్లకు దాని విలువ 28.45 లక్షలు. బాండ్ల కంటే దాదాపు లక్షన్నర ఎక్కువ, డబ్బు ఎక్కడా బిగుసుకుపోదు. పన్ను తప్పించుకున్నవాడి కంటే కట్టినవాడికి మిగిలే సందర్భాలు నా వృత్తిలో తరచూ రావు. మీది ఒకటి.

అప్పు లేనివాళ్లు ఇది చదివి బాండ్లు మానేయకండి, వాళ్ల లెక్క వేరు.

మీ స్నేహితుడి ప్లాటు మాట. ఖాళీ ప్లాటు కొంటే ఈ పన్ను మీద మినహాయింపు ఏమీ రాదు. రీజినల్ రింగు రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్ మీదుగా చౌటుప్పల్ దాకా. అలాంటి రోడ్డును ఎక్కడపడితే అక్కడ ఎక్కనివ్వరు. ఇంటర్‌ఛేంజ్ దగ్గర ధర పెరుగుతుంది, రెండు కిలోమీటర్లు అవతల దుమ్మే మిగులుతుంది. బ్రోచర్లో గీసిన ఎర్ర గీతను నమ్మకండి, సర్వే నంబరు 3ఏ నోటిఫికేషన్లో (భూమి తీసుకోబోతున్నామని ఇచ్చే ప్రకటన) ఉందేమో చూడండి. జాతీయ రహదారుల చట్టం కింద 3డీ ప్రకటన వచ్చాక ఆ భూమి కేంద్రానిది. మీ చేతికి వచ్చేది పరిహారమే, దానికి లెక్క కట్టేది రికార్డుల్లో ఉన్న ధరతో. సగం నగదుగా ఇచ్చి తక్కువకు రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు అప్పుడు లబోదిబోమంటారు. (ఆ సగం నగదు తీసుకున్నవాళ్లే గుంతల రోడ్డు గురించి గట్టిగా మాట్లాడటం నేను చాలా పెళ్లిళ్లలో విన్నాను. మీరు మొత్తం బ్యాంకులో తీసుకున్నారు, సంతోషం.) మీ ఉద్యోగం, ఇల్లు రెండూ ఈ పడమటి హైదరాబాద్ ధరల మీదే నిలబడ్డాయి. మూడోది కూడా అక్కడే ఎందుకు?

కేంద్రం 2025-26 బడ్జెట్లో మూలధన వ్యయానికి 11.21 లక్షల కోట్లు పెట్టింది కదా, రోడ్లు, వంతెనలు కట్టే కంపెనీల్లో పెట్టే ఇన్‌ఫ్రా ఫండ్లు కొందామా అని తర్వాత అడుగుతారేమో. రోడ్డు పడటం వేరు, రోడ్డు వేసిన కంపెనీకి లాభం రావడం వేరు. 2007 ఊపులో ఆ ఫండ్లు కొన్నవాళ్లు పెట్టిన అసలును తిరిగి చూసుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఇప్పుడు చేయాల్సింది. డిసెంబరు 15 తర్వాత వచ్చిన లాభం కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ 2026 మార్చి 15లోగా కట్టాలి. ఆ రోజు ఆదివారం, నాలుగు రోజులు ముందే కట్టేయండి. గడువు దాటితే వడ్డీ పడుతుంది. 2.86 లక్షలంటే మీ తొమ్మిదేళ్ల టోలు, కొంచెం కష్టంగానే ఉంటుంది. ఇందులో 2.75 లక్షలు రాష్ట్రాలతో పంచుకునే పన్ను, 41 శాతం వాళ్లకు వెళ్తుంది. సెస్సు 11,000 మాత్రం కేంద్రం దగ్గరే ఉంటుంది. బావగారికి ఈ ముక్క కూడా చెప్పండి, ఉగాదికి మాట్లాడుకోవడానికి పనికొస్తుంది.

మిగిలిన 25.14 లక్షల్లో 4 లక్షలు అవసరాలకు పక్కన పెట్టి 21 లక్షలు అప్పుకు కట్టండి. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పుకు ముందస్తు చెల్లింపు చార్జీ ఉండదు. బ్యాంకు వాళ్లు ఈఎంఐ తగ్గిస్తామంటారు. వద్దని, ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని కాగితం రాసివ్వండి, కొత్త గడువు షెడ్యూలు చేతికి తీసుకున్నాకే కౌంటరు దగ్గర్నుంచి కదలండి.