పాత హత్య కేసు నుంచి డిటెక్టివ్ నవల: 1937 ట్రంకు పెట్టె కేసు ఉదాహరణగా

మీ ప్రశ్న ఇదీ: నిజంగా జరిగిన హత్య కేసు తీసుకుని ఆ కాలంలోనే నడిచే డిటెక్టివ్ నవల రాయాలనుకుంటున్నారు. హంతకుడెవరో తీర్పులోనే ఉన్నప్పుడు పాఠకుణ్ణి చివరిదాకా చదివించేదేమిటి, పని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

తీర్పు నుంచే మొదలుపెట్టండి. పత్రికలు తర్వాత చూడొచ్చు. డిటెక్టివ్‌కి తెలిసిపోయిన సంగతిని కోర్టు వింటుందా వినదా అన్న దగ్గరే పాత కేసుల్లో అసలు ఉత్కంఠ ఉంటుంది. ఆ సంగతి తీర్పులో తప్ప ఇంకెక్కడా పూర్తిగా దొరకదు.

తెలుగు నవలకి అన్ని విధాలా సరిపోయే కేసు ఒకటుంది. లా చదివిన ప్రతివాళ్లకీ తెలిసిన పాకాల నారాయణస్వామి కేసు. అప్పట్లో మనకి ఆఖరి అప్పీలు కోర్టు లండన్లోని ప్రీవీ కౌన్సిల్. అందులో జడ్జి లార్డ్ అట్కిన్ 1939 జనవరిలో చెప్పిన తీర్పు, కోర్టు తీర్పులుండే ఇండియన్ కానూన్ సైట్లో దొరుకుతుంది.

1937 మార్చి 23, మంగళవారం. పూరీ స్టేషన్లో రైలు మూడో తరగతి బోగీలో ఎవరూ దించుకోని స్టీలు ట్రంకు కనబడింది. లోపల ఏడు ముక్కలుగా నరికిన శవం. చనిపోయినది నలభై ఏళ్ల మనిషి, పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతుగా చేసినవాడు. దివాన్ గారి కూతురే నిందితుడు నారాయణస్వామి భార్య. ఆవిడ 1936లో ఈ బంట్రోతు దగ్గర విడతలు విడతలుగా మొత్తం 3000 రూపాయలు అప్పు తీసుకుంది. వడ్డీ ఏడాదికి 18 శాతం. అందుకు సంబంధించిన ఉత్తరాలూ చీటీలూ యాభై దాకా అతని ఇంట్లో దొరికాయి. 20వ తేదీ శనివారం అతనికి సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. దాన్ని భార్యకు చూపించి, బాకీ తీసుకెళ్లమని బరంపురం రమ్మన్నారని చెప్పాడు. ఆదివారం రైలెక్కాడు. సోమవారం బరంపురంలో ఉంటున్న నిందితుడి ఇంటి చాకలి ద్వారా ట్రంకు కొన్నారు.

ఇప్పుడు ఆ వడ్డీ దగ్గర కాసేపు ఆగండి. 18 శాతమంటే నూటికి రూపాయిన్నర వడ్డీ, 3000కి నెలకు 45 రూపాయలు. దివాన్ గారి అమ్మాయిని జీవితమంతా ‘అమ్మగారూ’ అని పిలిచిన మనిషి, అదే పిలుపుతో నెలనెలా ఆ 45 రూపాయలు అడగాలి. తీర్పులో ఇది ఒకే ఒక్క వాక్యం. నవలలో ఇక్కడే కనీసం రెండు అధ్యాయాలు ఉండాలి, ఎందుకంటే హత్యకు కారణమంతా ఈ వాకిట్లోనే పుట్టింది.

తర్వాత ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి, సాక్ష్యాన్ని వాటిలోకి విడగొట్టండి: కోర్టు నమ్మినవి, ఎవరో చెప్పగా విన్నవి, కోర్టు తోసిపుచ్చినవి. ఈ కేసులో రెండో గడీ, మూడో గడీ చాలా విలువైనవి. భర్త ఫలానా చోటికి ఫలానా పని మీద వెళ్తున్నానన్నాడని చనిపోయినవాడి భార్య చెప్పిన మాట మామూలుగా అయితే విన్న సాక్ష్యం, చెల్లదు. కానీ చావుకు దారితీసిన పరిస్థితుల గురించి చనిపోయినవాడు చెప్పిన మాట కాబట్టి, 1872 సాక్ష్యచట్టం 32(1) సెక్షన్ కింద ప్రీవీ కౌన్సిల్ దాన్ని ఒప్పుకుంది. చావు దగ్గరపడిందని అతనికి తెలిసి ఉండాల్సిన అవసరం లేదంది.

మూడో గడీలోది దీనికి పూర్తిగా ఎదురు. ఆ మనిషి 21 సాయంత్రం మా ఇంటికి వచ్చాడు, రాత్రి పడుకున్నాడు, మర్నాడు సాయంత్రం రైలుకి వెళ్లిపోయాడు అని నిందితుడు అరెస్టుకు ముందు పోలీసులకు చెప్పాడు. కింది కోర్టులు దాన్ని సాక్ష్యంగా తీసుకున్నాయి. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్ కింద అది చెల్లదని ప్రీవీ కౌన్సిల్ కొట్టేసింది, అయినా మిగతా సాక్ష్యం చాలని శిక్షను నిలబెట్టింది. మీ ఇన్‌స్పెక్టర్ తన చెవులతో విన్న మాటే కోర్టులో లేనట్టవుతుంది. ఇంతకన్నా పెద్ద మలుపు కల్పించాల్సిన పనే లేదు.

ఇంకో మలుపు కూడా కేసులోనే ఉంది. మొదట విచారించిన మేజిస్ట్రేటు సాక్ష్యం చాలదని నిందితులందర్నీ వదిలేశాడు. సెషన్స్ జడ్జి కలగజేసుకున్నాకే కేసు ముందుకు కదిలింది. ఆ రోజుల్లో ఇలాంటి కేసులో సాక్షులు రెండుసార్లు చెప్పాలి, ముందు మేజిస్ట్రేటు దగ్గర, తర్వాత సెషన్స్‌లో. ఈ రెండింటి మధ్య తేడాలను పట్టుకునే ప్లీడర్లు క్రాస్ చేసేవారు. కొత్తగా రాసేవాళ్లలో చాలామంది ఈ మొదటి విచారణను వదిలేసి సినిమాలో లాగా నేరుగా పెద్ద కోర్టు తెరుస్తారు. దాంతో కథలో సగం బలం పోతుంది.

డిటెక్టివ్‌గా ఎవర్ని పెట్టాలి? బరంపురం ఉన్న గంజాం జిల్లాలో, 1937లో, పైపు కాల్చే ప్రైవేటు డిటెక్టివ్ అతకడు. సబ్‌ఇన్‌స్పెక్టర్ సరే, కానీ నా ఓటు ప్లీడరు గుమస్తాకి. వాఙ్మూలాల నకళ్లు అతని చేతికొస్తాయి, సాక్షుల ఇళ్లకు వెళ్లగలడు, ఏది చెల్లుతుందో ఏది చెల్లదో అతనికి తెలుసు. అతను గెలిచి తీరాలని కూడా లేదు. 1860లో ఇంగ్లండులో రోడ్‌హిల్ హౌస్ కేసులో ఇన్‌స్పెక్టర్ జోనాథన్ విచర్ హంతకురాలిని సరిగ్గానే అనుమానించాడు. చాకలి పద్దుకు సరిపడకుండా మాయమైన నైట్‌గౌనే అతని ఆధారం. ఆ గౌను దొరకలేదు, పరువు పోగొట్టుకున్నది విచరే. ఐదేళ్ల తర్వాత, 1865లో, అతను అనుమానించిన ఆ కాన్‌స్టెన్స్ కెంటే తనంతట తానే ఒప్పుకుంది. నిజం తెలిసీ ఓడిపోయిన మనిషి కథ కాబట్టే దాన్ని ఈనాటికీ చదువుతున్నారు.

కాలం విషయంలో ఎక్కువగా పొరపాట్లు జరిగే చోట్లు చెప్తాను. బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, హత్య నాటికి ఒరిస్సాలో ఉంది. అప్పట్లో ఒరిస్సా పట్నా హైకోర్టు కిందే ఉండేది, అందుకే అప్పీలు అక్కడికి వెళ్లింది. పిఠాపురం మాత్రం మద్రాసు కిందే ఉంది కాబట్టి దర్యాప్తు రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య నడవాలి. రైలు కూడా అంతే: వాల్తేరు దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ, అక్కణ్ణుంచి బెంగాల్ నాగ్‌పూర్ కంపెనీ. స్టేషన్ పేరు విశాఖపట్నం అని రాయకండి, అప్పుడది వాల్తేరు. తూకాలూ జాగ్రత్త. మద్రాసు వైపు బజారు మణుగు 25 పౌన్లు, రైల్వే మణుగు 82 పౌన్లకు పైనే. లగేజీ రసీదులో ఈ రెండూ కలిపేస్తే ట్రంకు బరువు మూడింతలు తేడా వస్తుంది, ఆధారమే తప్పవుతుంది.

పంచాంగం తప్పకుండా దగ్గర పెట్టుకోండి. ఆ సోమవారం ఫాల్గుణ పౌర్ణమికి నాలుగైదు రోజుల ముందు. అంటే అర్ధరాత్రి దాటేదాకా మంచి వెన్నెల. చీకట్లో ఎవరూ చూడకుండా పెట్టె మోశారని రాస్తే నిలవదు.

వేలిముద్రలు వాడుకోవచ్చు, కలకత్తాలో బ్యూరో 1897 నుంచే ఉంది. మరక మనిషి రక్తమా జంతువుదా అన్నది కూడా అప్పటికి తేల్చగలరు, కానీ ఫలానా మనిషిదేనని చెప్పలేరు. డాక్టరు పాత్ర చేత అంతకుమించి పలికించొద్దు. పత్రికల కోసం ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత తెలుగు సంచికలు వెతకండి. వార్త కన్నా పక్క కాలమ్‌లలో ప్రకటనలూ ధరలూ ఎక్కువ పనికొస్తాయి.

పేర్లన్నీ మార్చండి, ఊరు ఉంచినా బంధుత్వాలు కాస్త మార్చండి. చనిపోయినవాళ్ల మీద నింద వేసి కుటుంబాన్ని నొప్పించడం కూడా పరువునష్టం కిందికి రావచ్చు, పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 499లోనూ ఇప్పటి భారతీయ న్యాయసంహిత 356లోనూ ఆ మాట ఉంది. ఈ కేసులో సెషన్స్ జడ్జి ఒక్కరికే శిక్ష వేసి మిగతావాళ్లను నిర్దోషులుగా వదిలేశాడు. వాళ్లలో ఒకర్ని అసలు హంతకుడిగా చూపించాలనిపిస్తే, ఈ కేసును పక్కన పెట్టి పూర్తిగా కల్పిత కుటుంబంతో రాసుకోండి.