సందేహాలు – సమాధానాలు: ‘చేరేసరికి’, ‘చేరకముందే’

సందేహం: నేను గుంటూరులో పీఈటీగా పనిచేస్తున్నాను. పాఠశాలల సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) పోటీలకు కొత్తగా వచ్చే అంపైర్ల కోసం రూల్స్ తెలుగులో రాస్తున్నాను. "రన్నర్ ఫస్ట్ బేస్‌ను చేరేసరికి ఆ బేస్‌ను తాకి ఉన్న ఫీల్డర్ చేతిలో బంతి ఉంటే రన్నర్ ఔట్" అని రాశాను (బంతిని కొట్టి పరుగెత్తే మనిషి రన్నర్, పరుగులో మొదట చేరాల్సిన స్థానం ఫస్ట్ బేస్, బంతిని ఆపి విసిరే ఎదుటి జట్టు మనిషి ఫీల్డర్). మా సహోపాధ్యాయులొకరు అక్కడ ‘చేరకముందే’ అని ఉండాలంటున్నారు. రెండూ ఒకటే కదా, ఎందుకీ పట్టింపు? ‘చేరేలోపు’ అంటే ఏ గొడవా ఉండదా? ‘అంపైర్ ఔట్ ఇవ్వవచ్చు’ అనడం సరైనదేనా? నేను రాసిన పేజీ ఒకటి జతచేస్తున్నాను.

సమాధానం: మీ సహోపాధ్యాయులు చెప్పిందే సరైనది. మామూలు మాటల్లో ఈ రెండు రూపాలూ చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి చెల్లిపోతాయి కనుక మీకు తేడా కనిపించకపోవడంలో వింత లేదు. కానీ నియమం రాసేవారికి చాలాచోట్ల చెల్లితే చాలదు, తగవు వచ్చే ఆ ఒక్కచోట కూడా మాట నిలబడాలి.

ఆ తగవు ఎక్కడ వస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు. బేస్‌బాల్‌లో బేస్‌ల మధ్య 90 అడుగులుంటే సాఫ్ట్‌బాల్‌లో 60 అడుగులే కాబట్టి, నేలబారుగా కొట్టిన బంతికి పరుగెత్తే మనిషీ, ఫస్ట్ బేస్‌కు విసిరిన బంతీ ఇంచుమించు ఒక్కసారే వచ్చిపడటం తరచూ జరుగుతుంది. అప్పుడు అంపైర్ చూపు బేస్ మీద, చెవి గ్లవ్‌లో బంతి పడే చప్పుడు మీద ఉంటాయి. అడుగు పడటమూ, చప్పుడు వినపడటమూ ఏమాత్రం ఎడం లేకుండా కలిసిపోయాయని ఆయనకు తోస్తే ఏమివ్వాలి? రన్నర్ చేరడానికి ముందు బంతి అందితేనే ఔట్ అని నియమం చెబుతోంది. ఇక్కడ బంతి ముందు అందలేదు కనుక రన్నర్ సేఫ్. ‘సమానమైతే రన్నర్‌దే’ అని ఆటగాళ్లు చెప్పుకునే మాటకు ఉన్న ఆధారమల్లా ఆ ‘ముందు’ అన్న ఒక్క పదమే.

ఇక మీ వాక్యానికి వద్దాం. ‘సరికి’లో ఉన్నది సమానమనే అర్థమిచ్చే ‘సరి’. "నేను బస్టాండుకు వెళ్లేసరికి మంగళగిరి బస్సు వెళ్లిపోయింది" అంటే బస్సు ముందే కదిలిందని అర్థం. "నేను వెళ్లేసరికి బస్సు కదులుతోంది" అంటే రెండూ ఒకే వేళకు జరిగాయని అర్థం. ముందు జరిగినదానికీ, అదే క్షణాన జరిగినదానికీ ఒకే రూపం సరిపోతోంది. కాబట్టి మీ వాక్యం చదువుకున్న అంపైర్, అడుగూ బంతీ కలిసి పడినప్పుడు కూడా "చేరేసరికి బంతి చేతిలోనే ఉంది కదా" అని రన్నర్‌ను ఔట్ ఇస్తే ఆయన్ను తప్పుపట్టడానికి లేదు. అనువాదంతో ఆగక మీరు నియమాన్నే మార్చినట్టయింది. మన ప్రాంతంలో వినపడే ‘వచ్చేటప్పటికి’, ‘వచ్చేతలికి’ అనే రూపాలతోనూ ఇదే చిక్కు. ‘చేరకముందే’లో అది లేదు, ఎందుకంటే ‘చేరక’ అనే వ్యతిరేక క్త్వార్థకం (పని జరగలేదని చెప్పే అసమాపక క్రియ) చేరడం ఇంకా జరగలేదని తేల్చి చెబుతుంది.

‘చేరేలోపు’ రాజీమార్గంలా కనిపిస్తుంది గానీ దాన్ని నేను ఒప్పుకోలేను. ‘లోపు’ హద్దుకు ఇవతలి భాగాన్ని చెబుతుంది, హద్దు అందులో కలిసిందో లేదో మాత్రం చెప్పదు. "15వ తేదీలోపు దరఖాస్తు చేసుకోవాలి" అన్న ప్రకటన చూసి, 15న వెళితే తీసుకుంటారా అని అడగని వారెవరు? అనుభవమున్న గుమాస్తా అయితే "15వ తేదీ సాయంత్రం 5 గంటల వరకు" అని రాసి ఆ ప్రశ్నకు తావు లేకుండా చేస్తాడు.

మీరు అడగకపోయినా, జతచేసిన పేజీలోని మరో వాక్యం నన్ను ఇంకా కలవరపెట్టింది: "ఫీల్డర్ క్యాచ్ పట్టగానే రన్నర్ బేస్ వదిలి పరుగెత్తవచ్చు." గాలిలోకి లేచిన బంతిని ఫీల్డర్ మొదటిసారి తాకిన క్షణం నుంచే రన్నర్‌కు ఆ హక్కు ఉంది, పట్టడం పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. థర్డ్ బేస్ మీద రన్నర్ ఉండగా, లెఫ్ట్ ఫీల్డర్ గ్లవ్ అంచుకు తగిలి పైకి లేచిన బంతి, ఆమె రెండడుగులు వేశాక చేతికి చిక్కిందనుకోండి. బంతి గ్లవ్‌కు తగలగానే కదిలిన రన్నర్ చేసింది సక్రమమే. మీ ‘పట్టగానే’ను నమ్ముకున్న అంపైర్ మాత్రం, రన్నర్ తొందరపడి బేస్ వదిలినట్టు ఫీల్డింగ్ జట్టు అప్పీలు చేస్తే, ఆ రన్నర్‌ను ఔట్ ఇచ్చేస్తాడు. నియమం మొదటి స్పర్శను పట్టుకోవడానికి కారణం లేకపోలేదు. లేకుంటే గడుసు ఫీల్డర్ ఎవరైనా బంతిని పట్టకుండా గ్లవ్ మీద ఎగరేసుకుంటూ లోపలికి పరుగెత్తుకొస్తే, రన్నర్లు బేస్‌లకు అతుక్కుని చూస్తూ ఉండాల్సి వస్తుంది. కనుక "ఫీల్డర్ బంతిని మొదట తాకగానే" అని దిద్దండి. ‘బంతిని’ అన్న కర్మపదాన్ని మాత్రం పొదుపు కోసం తీసేయకండి. ఈ ఆటలో ఫీల్డర్ తాకేవి బంతి, బేస్, రన్నర్ అని మూడున్నాయి.

‘వచ్చు’ విషయానికొస్తే, "రన్నర్ పరుగెత్తవచ్చు" అన్నచోట అది సరిగ్గా అతికింది, పరుగెత్తడం మానడం రన్నర్ ఇష్టం కాబట్టి. "అంపైర్ ఔట్ ఇవ్వవచ్చు" అంటే మాత్రం ఇవ్వకపోయినా ఫరవాలేదన్న అర్థం తోసుకొస్తుంది. బంతి ముందు అందిందా లేదా అన్నది తేల్చడం అంపైర్ విచక్షణ. అందిందని తేల్చాక ఔట్ ఇవ్వడం ఇవ్వకపోవడం ఆయన చేతిలో లేదు. ‘ఔట్ ఇవ్వాలి’ అనండి, లేదా ఉత్తినే ‘రన్నర్ ఔట్’ అని ముగించండి. విచక్షణకు నియమమే చోటిచ్చిన సందర్భాల్లో తెలుగులో ‘గల’ బాగా పనిచేస్తుంది. ఇద్దరు ఔట్ కాకముందు, ఫస్ట్, సెకండ్ బేస్‌ల మీద గానీ మూడు బేస్‌ల మీదా గానీ రన్నర్లుండగా వర్తించే, గాలిలోకి లేచిన బంతిని పట్టకపోయినా బ్యాటర్‌ను ఔట్ చేసే ఇన్‌ఫీల్డ్ ఫ్లై నియమాన్ని "ఇన్‌ఫీల్డర్ మామూలు ప్రయత్నంతో పట్టగల బంతి" అని రాయాలి. అక్కడ ‘పట్టగల’ బదులు ‘పట్టిన’ అని పడితే ఆ నియమానికి పనే ఉండదు, క్యాచ్ పట్టాక బ్యాటర్ ఎలాగూ ఔటే.