బంగారం వెతకడానికి అవుట్‌బ్యాక్‌కు వెళ్లే ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను సింగరేణిలో పనిచేసి రిటైరై భూపాలపల్లిలో ఉంటున్నాను. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, ఈ సెలవుల్లో మిత్రులతో కలిసి బంగారు గనుల ఊరు కల్గూర్లీ దాటి, అవుట్‌బ్యాక్ అనే జనం పలచగా ఉండే లోతట్టు ఎండునేలలో గుడారాలు వేసుకుని మెటల్ డిటెక్టర్లతో బంగారం వెతుకుతామంటున్నాడు. దీనికి అక్కడి చట్టం ఒప్పుకుంటుందా? నీళ్లు దొరకని చోట ఎట్లా ఉంటారు? వాళ్ల అమ్మకైతే పాముల భయమే ఎక్కువగా ఉంది.

జవాబు: చట్టం ఒప్పుకుంటుంది, కానీ షరతులున్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో ‘మైనర్స్ రైట్’ అనే అనుమతి పత్రం తీసుకున్నవారు, ఎవరి లీజులోనూ లేని ప్రభుత్వ భూమిలో బంగారం వెతుక్కోవచ్చు, దొరికినది తమ దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. అయితే బంగారం ఉండే నేలలో చాలా భాగం ఇప్పటికే ఏదో ఒక కంపెనీ లీజులోనో అన్వేషణ లైసెన్సులోనో ఉంటుంది కాబట్టి, బయలుదేరే ముందే గనుల శాఖ వారి ‘టెన్‌గ్రాఫ్’ పటంలో ఆ చోటు ఎవరిదో చూసుకోవాలి. అన్వేషణ లైసెన్సు ఉన్న భూమికి ‘40ఈ’ అనే మూడు నెలల పర్మిట్ విడిగా తీసుకోవాలి. మైనింగ్ లీజు ఉన్న చోటైతే లీజుదారుడి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. పశువుల మేత కోసం లీజుకిచ్చిన, స్టేషన్లు అని పిలిచే లక్షల ఎకరాల పశుక్షేత్రాల్లోకి వెళ్లేటప్పుడు ఆ యజమానికి ముందుగా చెప్పాలి, తెరిచిన గేటును తెరిచినట్టే, మూసిన గేటును మూసినట్టే వదలాలి, పశువులు నీళ్లు తాగే తొట్ల పక్కన గుడారం వేయకూడదు, తవ్విన ప్రతి గుంతనూ పూడ్చాలి. అక్కడి ఆదివాసుల పవిత్ర స్థలాలను చట్టం కాపాడుతుంది, వాటి జోలికి వెళ్లకూడదని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

ఇక ప్రమాదాల సంగతి. నా దృష్టిలో పాముల కంటే, ఎండ కంటే పెద్ద ప్రమాదం దారి తప్పడం. డిటెక్టర్ పట్టుకున్న మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తల వంచుకుని, నేల మీద డిటెక్టర్ అడుగున ఉండే గుండ్రటి కాయిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ ఊపుకుంటూ, ఒక శబ్దం నుంచి ఇంకో శబ్దానికి నడుస్తూనే ఉంటాడు. తల ఎత్తి చూసేసరికి ఏ దిక్కు చూసినా అదే ఎర్రమట్టి, అవే పొట్టి ముల్గా చెట్లు కనిపిస్తాయి తప్ప గుర్తుపట్టడానికి ఒక గుట్ట అయినా ఉండదు. బండి అర కిలోమీటరు దూరంలోనే ఉన్నా కనిపించదు. అందుకే బండి దిగగానే ఆ చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోవాలి. పర్సనల్ లొకేటర్ బీకన్‌ను బండిలో వదిలేయకుండా నడుముకే కట్టుకోవాలి. ఆపదలో దాని మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ సంకేతం ఉపగ్రహం ద్వారా కాన్‌బెర్రాలోని రెస్క్యూ కేంద్రానికి చేరుతుంది. ఊళ్లు దాటిన కొద్దిసేపటికే మొబైల్ సిగ్నల్ పోతుంది కాబట్టి శాటిలైట్ ఫోన్ కూడా ఉంటే మంచిది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో పెర్త్‌లో ఒకరికి రాసి ఇవ్వాలి. బండి చెడిపోతే మాత్రం దాన్ని వదిలి నడవకూడదు. వెతికేవారికి మనిషి కంటే బండే ముందు కనిపిస్తుంది.

నీళ్ల విషయంలో మీ ఆందోళన సరైనదే. 1893లో కల్గూర్లీలో బంగారం బయటపడినప్పుడు వచ్చినవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టింది నీటి కరువే. పెర్త్ దగ్గరి కొండల నుంచి 500 కిలోమీటర్లకు పైగా పైపులైను వేసి నీళ్లు తెచ్చేసరికి 1903 వచ్చింది. ఆ పైపులైను దాటి లోపలికి పోయేవారు తమ నీళ్లు తామే మోసుకుపోవాలి. తాగడానికి, వండుకోవడానికి, ముఖం కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకు పది లీటర్లు లెక్కేసుకుని, దాని మీద కొన్ని రోజులకు అదనంగా పెట్టుకోమనండి, అదీ ఒకే పెద్ద ట్యాంకులో కాకుండా వేర్వేరు క్యాన్లలో. మే నుంచి సెప్టెంబరు వరకే వెళ్లమనండి. మిగతా నెలల్లో అక్కడి ఎండ మన రామగుండం ఎండకు ఏమాత్రం తీసిపోదు. మే నుంచి సెప్టెంబరు వరకు అక్కడ చలి ఎక్కువ, రాత్రుళ్లు గడ్డకట్టేంత చలి ఉంటుంది కనుక మందమైన దుప్పట్లు అవసరం. ఎండిపోయిన వాగులో ఇసుక మెత్తగా ఉందని గుడారం వేస్తే, ఎక్కడో పైన కురిసిన వానకు రాత్రికి రాత్రి వరద రావచ్చు.

మీరు బొగ్గు బాయిలో పనిచేసినవారు కనుక ఇంకో మాట తేలికగా అర్థమవుతుంది. ఆ ప్రాంతమంతా నూరేళ్ల నాటి పాత షాఫ్టులు, అంటే గనుల్లోకి దిగే నిలువు గోతులు, కప్పు లేకుండా తెరుచుకునే ఉన్నాయి. వాటి అంచు మట్టి వదులుగా ఉండి కాలు పెట్టగానే విరిగి పడుతుంది. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయవద్దని, చీకట్లో గుడారం నుంచి దూరం పోవద్దని మీ అబ్బాయికి మీరే చెప్పండి. సపోర్టు లేని గని ఎట్లాంటిదో మీకంటే బాగా చెప్పగలవారు లేరు.

అమ్మగారి భయానికి జవాబు: అక్కడ విషసర్పాలు ఉన్న మాట నిజమే. పొడుగు బూట్లు, పిక్కలను కప్పే గెయిటర్లనే తొడుగులు ఉండాలి, రాయి కిందికి చేయి పోనివ్వకూడదు. కాటు పడితే మన పల్లెల్లో చేసినట్టు తాడుతో బిగించడం, కోయడం, పసరు పూయడం ఏవీ చేయకూడదు. ఆస్ట్రేలియా పాములకు అక్కడి వైద్యులు చెప్పే పద్ధతి వేరు: కాటు మీద నుంచి మొదలుపెట్టి కాలు లేదా చేయి మొత్తం వెడల్పాటి సాగే బ్యాండేజీని గట్టిగా చుట్టి, కర్ర కట్టి, మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టి, సహాయం కోసం కబురు పంపాలి. మారుమూలలకు విమానంలో వచ్చే రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ 1928 నుంచి పనిచేస్తోంది.

బంగారం దొరుకుతుందా అని మీరు అడగలేదు గానీ, చెప్పడం అవసరం. 1980లో విక్టోరియా రాష్ట్రంలో ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ అనే 27 కిలోల ముద్ద మెటల్ డిటెక్టర్‌తోనే దొరికింది. అటువంటిది దొరకడం మాత్రం చాలా అరుదు. ఇనుము ఎక్కువగా ఉన్న కల్గూర్లీ వైపు ఎర్రనేలలో మామూలు డిటెక్టర్లు అనవసరంగా మోగుతుంటాయి కాబట్టి పల్స్ ఇండక్షన్ రకం వాడతారు. దానితోనూ రోజంతా బయటపడేవి ఎక్కువగా తుప్పు పట్టిన మేకులు, తూటా తొడుగులు, రేకు డబ్బాలే. అద్దెకు డిటెక్టర్ తీసుకుని వెళ్లడం మేలు.

ప్రశ్న: మాది ములుగు దగ్గరి పల్లె. ఆన్‌లైన్‌లో డిటెక్టర్ కొని గోదావరి ఒడ్డున, పాత గుళ్ల చుట్టూ వెతకవచ్చా?

జవాబు: వద్దు. మన దేశంలో 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఖనిజాన్వేషణ చేయకూడదు. ఏటూరునాగారం వంటి అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. గుప్తనిధుల పేరుతో కాకతీయుల కాలపు గుళ్ల గర్భగుడులను, నందులను తవ్వి పగలగొట్టినవారి వల్ల మన ప్రాంతం ఇప్పటికే చాలా పోగొట్టుకుంది, ఆ దారిలోకి వెళ్లకండి. పొలం దున్నుతుండగా అనుకోకుండా పాత నాణేలో నగలో బయటపడితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్న ప్రతిదాన్నీ కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. తెలిపితే, హక్కుదారులు ఎవరూ లేరని తేలాక దొరికినవారికీ వాటా వస్తుంది. ముందుగా తహసీల్దారును కలవండి, దొరికిన వస్తువును కడగకుండా, తోమకుండా ఉన్నదున్నట్టే చూపండి.